ఒక్క గ్రాము ఇనుము

ధర్మవరంలో పట్టుచీరల మగ్గం ఉన్న ఒక ఇంటిని ఊహించుకుందాం. ఇల్లాలికి ముప్పై ఏళ్లు, బరువు యాభై కిలోలు. భర్త నేస్తుంటే ఆమె కండెలు చుట్టి అందిస్తుంది. మధ్యలో వంట, పిల్లల బడి, కొళాయి వేళకు నీళ్లు పట్టుకోవడం. కొన్ని నెలలుగా మేడమెట్లు ఎక్కితే ఆయాసం, పడుకున్నా గుండె దడ. "శానా నీరసంగా ఉంటాది మేడం, లేస్తే కండ్లు తిరుగుతాండాయి" అని చెప్పుకుంటే ఏఎన్‌ఎం కింది రెప్ప లాగి చూసింది. వేలికొసన సూదితో గుచ్చి, రక్తపు చుక్కను చిన్న మిషన్‌లో పెట్టింది. హిమోగ్లోబిన్ 8. ఎర్ర మాత్రల షీట్లు చేతిలో పెట్టి, ఆకుకూరలు బాగా తినమంది. చాలా ఇళ్లలో కథ ఇక్కడితో అయిపోతుంది. నిజానికి వైద్యం మొదలయ్యేది ఇక్కడే.

ఆమె ఒంట్లో ఎంత ఇనుము తక్కువైందో కాగితం మీద లెక్క కట్టొచ్చు. గాన్జోని అనే వైద్యుడు 1970లో ప్రకటించిన సూత్రాన్ని డాక్టర్లు ఇప్పటికీ వాడుతున్నారు. మనిషి బరువును హిమోగ్లోబిన్ లోటుతో హెచ్చవేసి, దాన్ని 2.4తో మళ్లీ హెచ్చవేసి, నిల్వల కోసం ఇంకో 500 కలపాలి. ఈమె 8 నుంచి 12కి చేరాలంటే 50ని 4తో, ఆపైన 2.4తో హెచ్చవేస్తే 480. దానికి 500 కలిపితే 980 మిల్లీగ్రాములు. దగ్గర దగ్గర ఒక గ్రాము. చెంచాలో పోస్తే అడుగు కూడా కప్పదు.

అంత కొంచెమే అయినా అది లోపలికి చేరడానికి నెలలు పడుతుంది. ఎర్ర మాత్ర ఒక్కోదాంట్లో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. లోటు ఉన్న మనిషి పేగులు కూడా దాంట్లో పదో వంతు నుంచి ఐదో వంతు వరకే పీల్చుకుంటాయి. అంటే రోజుకి 6 నుంచి 12 మిల్లీగ్రాములు. ఈలోగా నెలసరిలో కొంత పోతూనే ఉంటుంది. ఈ లెక్కన మూడు నాలుగు నెలలు వరసగా మింగితే తప్ప గ్రాము పూర్తి కాదు. పది మాత్రల షీటు ఒకటి అయిపోగానే "ఏం గుణం కనపడలా" అని మానేసిన మనిషి నిజానికి పదో వంతు దారి మాత్రమే నడిచినట్టు.

పాత ఇనుముతోనే కొత్త రక్తం

పెద్దవాళ్ల ఒంట్లో మొత్తం ఇనుము 3 నుంచి 4 గ్రాములు. అందులో మూడింట రెండు వంతులు హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్‌ను పట్టుకుని కండరాలకూ మెదడుకూ మోసుకుపోయేది ఈ ఇనుమే. ఎర్రరక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. ముసలివైన కణాలను ప్లీహం, కాలేయం విడగొట్టి రోజుకు 20 మిల్లీగ్రాములకు పైగా ఇనుమును తిరిగి ఎముక మజ్జకు పంపుతాయి. బయటి నుంచి రోజూ రావాల్సింది ఒకటి రెండు మిల్లీగ్రాములే. శరీరం ఇంత పొదుపరి కాబట్టే లోటు ఏళ్లపాటు బయటపడకుండా పెరుగుతుంది.

ఈ పొదుపుకి గండి కొట్టేది రక్తం పోవడం. మామూలు నెలసరిలో 30, 40 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. 80 దాటితే వైద్యులు దాన్ని అధిక రక్తస్రావం అంటారు. ఒక మిల్లీలీటరు రక్తంతో దాదాపు అర మిల్లీగ్రాము ఇనుము పోతుంది కాబట్టి, అధిక స్రావం ఉన్నామె నెలనెలా 35, 40 మిల్లీగ్రాములు పోగొట్టుకుంటుంది. ఒక గర్భం, ఒక కాన్పు కలిసి అడిగే ఇనుము ఇంకో గ్రాము దాకా ఉంటుంది. పద్దెనిమిదేళ్లకే పెళ్లి, ఏడాదిన్నర ఎడంలో ఇద్దరు పిల్లలు అంటే, మొదటి అప్పు తీరకముందే రెండో అప్పు మీద పడినట్టే.

ముందు ఖాళీ అయ్యేవి నిల్వలు, హిమోగ్లోబిన్ తగ్గేది ఆ తర్వాత. నిల్వలను ఫెరిటిన్ అనే పరీక్ష చెబుతుంది. ఊరి కొళాయిలో నీళ్లు వస్తున్నంత మాత్రాన చెరువు నిండుగా ఉందని అనుకోలేం కదా, హిమోగ్లోబిన్ 12 ఉందంటే ఫెరిటిన్ కూడా బాగుందనుకోవడమూ అలాంటిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు లీటరు రక్తంలో 15 మైక్రోగ్రాములను ఫెరిటిన్ కనీస హద్దుగా పెట్టింది. చాలామంది వైద్యులు 30 కింద ఉన్నా లోటు కిందే లెక్కేస్తారు. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ గానీ వాపు గానీ ఉంటే ఫెరిటిన్ ఉత్తినే పెరిగి కనిపిస్తుంది. అందుకే ఆ అంకెను విడిగా చదవకూడదు.

రక్తహీనత అనడానికి హద్దులు కూడా అందరికీ ఒకటి కాదు. మగవాళ్లకు 13, ఆడవాళ్లకు 12, గర్భిణులకు 11. ఆ కింద ఉంటే రక్తహీనతే. గర్భిణికి 7 కింద, మిగతా ఆడవాళ్లకు 8 కింద పడితే తీవ్ర రక్తహీనత.

బియ్యం బొక్కే అలవాటు

ఇనుము లోటుకు కొన్ని వింత గుర్తులున్నాయి. వండని బియ్యం గుప్పెళ్లతో బొక్కడం, బలపాలు కొరకడం, గోడ సున్నం గీరి నాకడం, మట్టిబెడ్డ చప్పరించడం, ఫ్రిజ్‌లో ఐసు తీసి నమలడం. ఇంట్లో పెద్దవాళ్లు వీటిని చెడ్డ అలవాట్లంటారు, తిడతారు, బియ్యం డబ్బా పైకెక్కిస్తారు. వైద్యంలో మాత్రం దీన్ని ఇనుము లోటు లక్షణంగా చూస్తారు. లోటు తీరడం మొదలవగానే ఈ యావ చాలామందిలో తనంతట తనే పోతుంది.

హిందూపురం, పెనుకొండ చుట్టూ ఉన్న నేల ఎర్రగా ఉండడానికి కారణం అందులోని ఇనుప ఆక్సైడే. అయినా ఆ మట్టి తింటే రక్తం పట్టదు. ఆ రూపంలో ఉన్న ఇనుమును పేగు పీల్చుకోలేదు. పైగా బంకమట్టి భోజనంలోని ఇనుమును కూడా పట్టేసుకుంటుంది. మట్టితో పాటు నులిపురుగుల గుడ్లు లోపలికి పోతే అది వేరే తిప్పలు.

గోళ్లు పలచబడి మధ్యలో గుంటపడడం, నాలుక నున్నగా అయి మంట పుట్టడం, పెదవుల మూలలు చిట్లడం, రాత్రిళ్లు కాళ్లు ఊరికే ఉండనివ్వకుండా లాగడం కూడా ఇనుము లోటు సంగతి చెప్పేవే. పిల్లల్లో అయితే చదువు మీద ధ్యాస తగ్గుతుంది, ఆటలో వెనకబడతారు. నీరసం ఒక్కటే గుర్తనుకుంటే మిగతావన్నీ కంటికి ఆనవు.

అంకెల మీద తగువు

అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని అది తేల్చింది. అంతకు ముందు సర్వేలో ఇది 60 శాతం. అయిదేళ్లలో తగ్గింది ఒక శాతం కంటే కొంచెం ఎక్కువ. దేశం మొత్తం మీదైతే అదే కాలంలో 53 నుంచి 57 శాతానికి పెరిగింది.

ఈ అంకెలను ప్రశ్నించిన శాస్త్రవేత్తలూ ఉన్నారు. కుటుంబ సర్వేలో వేలి నుంచి చుక్క తీస్తారు. రక్తం సరిగా రాకపోతే వేలిని గట్టిగా నొక్కుతారు, అప్పుడు కండలోని నీరు కలిసి రక్తం పలచబడుతుంది. 2016–18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే నరం నుంచి రక్తం తీసి పరీక్షించింది. ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో రక్తహీనత 41 శాతమని అందులో తేలింది. వేలి చుక్కతో చేసిన నాలుగో కుటుంబ సర్వే అయిదేళ్ల లోపు పిల్లల్లో 58.6 శాతం చూపించింది. ఆ తగువులో చివరికి ఏ అంకె నిలిచినా ఆడవాళ్లకూ పిల్లలకూ ఉన్న లోటు పెద్దదే. సొంత ఆరోగ్యం వరకు ఇందులోంచి తీసుకోవాల్సిన జాగ్రత్త ఒకటుంది. వేలి చుక్క పరీక్షలో తక్కువ వస్తే, వీలైనచోట నరం నుంచి రక్తం తీయించి కంప్లీట్ బ్లడ్ పిక్చర్ చేయించుకోవాలి. హిమోగ్లోబిన్‌తో పాటు కణాల సైజు కూడా అందులో తెలుస్తుంది. ఇనుము లోటులో ఎర్రకణాలు చిన్నవవుతాయి. విటమిన్ బి12, ఫోలిక్ ఆమ్లం తక్కువైతే పెద్దవవుతాయి. కణాలు మరీ చిన్నవిగా ఉండి ఫెరిటిన్ బాగుంటే తలసీమియా ఛాయ ఉందేమో చూడాలి. అలాంటివాళ్లకు ఇనుము మాత్రలు ఏళ్ల తరబడి ఇచ్చినా లాభం ఉండదు.

ఎర్ర మాత్ర వెనక ఒక భీమవరం మనిషి

ఇనుముతో పాండురోగానికి వైద్యం చేయడం పాత సంగతే. ఆయుర్వేదంలో లోహభస్మం, మండూర భస్మం ఉన్నాయి. ఫ్రాన్స్‌లో పియర్ బ్లో అనే వైద్యుడు 1832లో ఇనుప సల్ఫేటుతో చేసిన మాత్రలు యూరప్ అంతా అమ్ముడుపోయాయి. అయితే ఈనాటి ఎర్ర మాత్రలో ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. దాని కథ తెలుగువాళ్లకు బాగా దగ్గరది.

1920ల చివర్లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయి వచ్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు వస్తున్న ఒక ప్రాణాంతక రక్తహీనత కారణం తేల్చడం ఆమె పని. ఆ రోగుల ఎర్రకణాలు చిన్నవిగా కాక, అసాధారణంగా పెద్దవిగా ఉన్నాయి. ఇనుము ఒక్కటే ఇస్తే వాళ్లకు కుదురుకోలేదు. కొంతకాలం కూనూరులోనూ, తర్వాత మద్రాసులోని క్యాస్ట్ అండ్ గోషా ఆసుపత్రిలోనూ ఆమె పనిచేశారు. చవగ్గా దొరికే ఈస్టు సారం తినిపిస్తే ఈ రోగం నయమవుతోందని 1931లో ప్రకటించారు. అందులో ఉన్న మందు ఏదో అప్పటికి ఎవరికీ తెలియదు, దాన్ని విల్స్ ఫ్యాక్టర్ అన్నారు.

అది ఫోలిక్ ఆమ్లమని తేలి, కృత్రిమంగా తయారు చేయగలిగింది 1945లో, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో. ఆ పరిశోధనను నడిపిన వ్యక్తి 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో రోజుల తేడాలో చనిపోయారు. ఆయనకూ అదే జబ్బు చేస్తే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బతికారు. పేగులు పోషకాలను పీల్చుకోలేక రక్తం క్షీణించే ఆ జబ్బుకు, ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లమే తర్వాత మందైంది.

కూనూరులో 1918లో ఒకే గదిలో మొదలైన పోషకాహార పరిశోధన 1958లో హైదరాబాదుకు మారింది. అదే ఈనాటి జాతీయ పోషకాహార సంస్థ. ఉప్పులో ఇనుము కలిపే పద్ధతి మీద 1970ల్లో బి.ఎస్. నరసింగరావు పనిచేసింది ఇక్కడే. దేశమంతా గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిపి ఇచ్చే పథకం 1970లో మొదలైంది. యాభై ఏళ్లు దాటినా రక్తహీనత అంకెలు అక్కడే ఎందుకున్నాయంటే, జవాబులో సగం కంచంలో, సగం మాత్ర మింగే పద్ధతిలో ఉంది.

ముద్ద, బెల్లం, టీ

రాయలసీమలో ఇనుమున్న తిండికి తక్కువ లేదు. భారతీయ ఆహారాల్లోని పోషకాలపై జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగుల్లో 4.6 మిల్లీగ్రాములు, సజ్జల్లో 6.4, ఉలవల్లో 8.8 ఇనుము ఉంది. తెల్లబియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడా లేదు. రాగిముద్ద, ఉలవచారు, ఆకుకూర పప్పు తినే ఇంటికీ, మూడుపూటలా చౌకబియ్యం అన్నం తినే ఇంటికీ తేడా ఇక్కడే తెలుస్తుంది.

కానీ ఎదిగిన ఆడమనిషికి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము ఉన్న తిండి అవసరమని ఐసీఎంఆర్ 2020లో చెప్పింది. హిందూపురం మార్కెట్ బెల్లానికి పేరుపొందిన చోటు. "బెల్లం తిను, రక్తం పడుతుంది" అనే సలహా కూడా ఇక్కడ గట్టిగా వినిపిస్తుంది. వంద గ్రాముల బెల్లంలో ఇనుము సుమారు 4.6 మిల్లీగ్రాములు. నిమ్మకాయంత ముక్క తింటే ఒకటిన్నర మిల్లీగ్రాము కూడా రాదు. రోజువారీ కోటాకు సరిపడా బెల్లం తినాలంటే అరకిలో దాటాలి. అంత తింటే ముందు షుగర్ డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సి వస్తుంది. వేరుశెనగ చిక్కీ మంచి తినుబండారమే, మందు మాత్రం కాదు.

ధాన్యాల్లో ఇంకో చిక్కుంది. రాగుల్లోని ఫైటేట్లు, టానిన్లు ఇనుమును కట్టేస్తాయి, కాల్షియం కూడా అడ్డుపడుతుంది. పాత వంటల్లో దీనికి విరుగుడు ఉంది. రాగులు మొలకెత్తించి ఆరబెట్టి పిండి పట్టించినా, అంబలి రాత్రంతా పులియబెట్టినా ఫైటేట్లు తగ్గుతాయి. ఇనుప బాండలిలో పుల్లటి కూర వండితే కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. భోజనంలో విటమిన్ సి ఉంటే ధాన్యాల ఇనుము బాగా పడుతుంది. చింతపండులో పులుపే గానీ విటమిన్ సి నామమాత్రం. ఆ పని చేసేవి నిమ్మ, జామ, ఉసిరి. పప్పు దించాక నిమ్మకాయ పిండడం, అన్నం తిన్నాక జామకాయ కొరకడం ఖర్చులేని పనులు. మాంసం తినే ఇళ్లలో మేక కార్జం, నల్ల (రక్తం), చేపలు ఇంకా మేలు. వాటిలోని ఇనుమును పేగు నేరుగా తీసుకుంటుంది.

ఇంటింటా జరుగుతున్న తప్పు టీ. పొద్దున టిఫిన్‌తో ఒకటి, అన్నం అయ్యాక ఒకటి, ఆకలి చంపుకోవడానికి మధ్యలో ఇంకోటి. దక్షిణాఫ్రికా పరిశోధకులు 1975లో మనుషుల మీదే పరీక్షించి చూస్తే రొట్టెలో, అన్నంతో కూరగాయల సూపులో ఉన్న ఇనుము ఒంటికి పట్టడాన్ని టీ బాగా తగ్గించింది. అదే దేశంలో డర్బన్ పక్కన చాట్స్‌వర్త్ అనే ఊళ్లో భారత సంతతి వాళ్లు ఎక్కువ. చెరకు తోటల పనికి వెళ్లిన తెలుగు కుటుంబాల వారసులు డర్బన్ ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నారు. చాట్స్‌వర్త్‌లో కూరల మసాలా పొడిలో ఒక ఇనుము లవణం కలిపి రెండేళ్లు వాడించారు. 1989లో ఆ ఫలితాలు వచ్చాయి. మామూలు మసాలా వాడినవాళ్ల కంటే ఈ పొడి వాడిన ఆడవాళ్లలో ఇనుము నిల్వలు, హిమోగ్లోబిన్ పెరిగాయి. తిండి అలవాటు మార్చకుండా, అదే కూరలో మార్పు తెచ్చిన ప్రయోగం అది.

మన చౌకబియ్యంలో కలిపే పోషకాల గింజలు కూడా ఈ ఆలోచనే. దేశమంతటా వీటిని సరఫరా చేస్తామని 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించారు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి గింజల ఆకారంలో ఒత్తి, వందకు ఒకటి చొప్పున మామూలు బియ్యంలో కలుపుతారు. కడిగేటప్పుడు కొన్ని తేలతాయి. అవి ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసినవాళ్లు ఉన్నారు. ఏరకూడదు. అలాగని హిమోగ్లోబిన్ 8 ఉన్నామెకు ఇవే వైద్యమనీ అనుకోకూడదు. ఉన్న నిల్వలను కాపాడుకోవడం వేరు, పోయిన గ్రామును తిరిగి నింపడం వేరు.

మాత్ర ఎలా మింగాలి

ఇనుము మాత్ర ఖాళీ కడుపున, నీళ్లతోనో నిమ్మరసంతోనో బాగా పడుతుంది. వికారంగా ఉంటే తిన్న గంట రెండు గంటలకు, లేదా రాత్రి పడుకునే ముందు వేసుకోవచ్చు. టీ, కాఫీ, పాలు దగ్గర్లో ఉండకూడదు. గర్భిణులకు కాల్షియం మాత్ర కూడా ఇస్తారు. రెండూ ఒకేసారి గుటుక్కున మింగితే ఇనుము వృథా అవుతుంది, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకునేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి, ఎందుకంటే కడుపులో ఆమ్లం తగ్గితే ఇనుము సరిగా పట్టదు.

మాత్ర మొదలుపెట్టగానే విరేచనం నల్లగా అవుతుంది. పేగు తీసుకోని ఇనుము రంగు అది, భయపడే పని లేదు. మలబద్ధకం, కడుపులో తిప్పడం కొందరికి వస్తాయి. మానేయడం కంటే మోతాదు తగ్గించమనో, వేరే రకం ఇమ్మనో అడగడం మేలు. మాత్ర వేసుకుంటే బిడ్డ నల్లగా పుడతాడనీ, మరీ లావై కాన్పు కష్టమవుతుందనీ చెప్పే మాటల్లో నిజం లేదు.

రోజూ వేసుకోవాలా, రోజు విడిచి రోజా అన్న ప్రశ్నకు ఈ మధ్యే మంచి జవాబు దొరికింది. కాలేయం తయారుచేసే హెప్సిడిన్ అనే హార్మోను పేగుల దగ్గర ఇనుము దారి మూసేస్తుందని 2000 తర్వాత తేలింది. ఒక పెద్ద మోతాదు మాత్ర మింగితే మర్నాటికి కూడా హెప్సిడిన్ ఎక్కువగానే ఉంటుంది, ఆ రోజు మాత్ర అంతగా పట్టదు. జ్యూరిక్ శాస్త్రవేత్తలు 2017లో ఇనుము లోటు ఉన్న యువతుల మీద పోల్చి చూశారు. రోజూ ఇస్తే ఇనుములో 16.3 శాతం పట్టింది, రోజు విడిచి రోజు ఇస్తే 21.8 శాతం పట్టింది. కడుపులో తిప్పడం వల్ల మానేసేవాళ్లకు ఇది మంచి దారి. గర్భిణులకు మాత్రం మన దేశంలో నియమం రోజూ వేసుకోవడమే. నాలుగో నెల నుంచి 180 రోజులు, కాన్పు తర్వాత మళ్లీ 180 రోజులు. ఇప్పటికే హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గిన గర్భిణులకు రోజుకు రెండు మాత్రలు ఇస్తారు.

హిమోగ్లోబిన్ 12కి చేరిన రోజునే మాత్ర ఆపేయడం ఇంకో పెద్ద పొరపాటు. గాన్జోని లెక్కలో ఆఖరున కలిపిన ఆ 500 మిల్లీగ్రాములు నిల్వల కోసం. అవి నిండాలంటే ఆ తర్వాత కూడా రెండు మూడు నెలలు కొనసాగించాలి. మాత్రల డబ్బా పిల్లలకు అందకుండా పెట్టాలి. రంగు చూసి చాక్లెట్లనుకుని గుప్పెడు మింగితే చిన్నపిల్లల ప్రాణం పోతుంది.

గ్లూకోజు బాటిల్‌లో ఇనుము లేదు

నీరసం అనగానే ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి "ఒక బాటిల్ ఎక్కించండి" అనడం పల్లెల్లో మామూలు. సెలైన్‌లో ఉండేది ఉప్పునీళ్లు, గ్లూకోజులో చక్కెర. ఒక పూట హుషారు ఇస్తాయేమో గానీ రక్తంలో ఒక్క కణం పెంచవు. ఎర్రటి బి కాంప్లెక్స్ ఇంజెక్షన్ రంగు చూసి రక్తం పట్టే సూది అనుకునేవాళ్లూ ఉన్నారు. అందులోనూ ఇనుము లేదు.

నరంలోకి ఇచ్చే ఇనుము మందులు వేరే ఉన్నాయి. ఐరన్ సుక్రోజ్‌ను సెలైన్‌లో కలిపి ఒక్కో విడతకు 200 మిల్లీగ్రాముల చొప్పున రోజు విడిచి రోజు ఇస్తారు. మన గ్రాము లెక్కకు అయిదు విడతలు పడుతుంది. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అయితే ఒకే విడతలో గ్రాము దాకా ఎక్కించొచ్చు. మాత్ర పడనివాళ్లకు, పేగు జబ్బులున్నవాళ్లకు, కాన్పు దగ్గరపడి టైము లేనివాళ్లకు, 7 కింద ఉన్న గర్భిణులకు ఇవి అవసరం. రియాక్షన్ వచ్చే వీలుంది కాబట్టి డాక్టరు ఉన్న ఆసుపత్రిలోనే ఇస్తారు, గర్భిణులకైతే రెండో త్రైమాసికం నుంచే. గర్భిణికి 5 కంటే కిందికి పడితే వెంటనే ఆసుపత్రిలో చేర్చి రక్తం ఎక్కించాలి. ఒక యూనిట్ రక్తం హిమోగ్లోబిన్‌ను సుమారు ఒక పాయింటు పెంచుతుంది. ప్రాణం నిలబెట్టడానికి అది తప్పదు, లోటు పూర్తిగా తీరడానికి మాత్రం చాలదు.

కారి పోతున్నది ఎక్కడ?

ఎంత పోసినా నిండకపోతే ఎక్కడ కారుతోందో చూడాలి. ఆడవాళ్లలో మొదటి అనుమానం నెలసరి మీద. రోజుకు ఎన్ని ప్యాడ్లు మారుస్తున్నారు, గడ్డలు పడుతున్నాయా, ఎన్ని రోజులు ఉంటోంది అని అడగాలి. చాలామంది సిగ్గుపడి చెప్పరు, లేదా అదే మామూలనుకుంటారు. గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు, థైరాయిడ్ తేడాలు కారణం కావచ్చు. వీటికి మాత్రలున్నాయి, హార్మోన్ మందులున్నాయి, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ ఉంది. ఇవేవీ ప్రయత్నించకుండా నేరుగా గర్భసంచి తీయించుకునే అలవాటు మన రాష్ట్రంలో ఎక్కువ. నాలుగో కుటుంబ సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం మందికి ఈ ఆపరేషన్ అయిపోయింది. దేశ సగటు 3 శాతం పైచిలుకు. ముప్పైల్లోనే గర్భసంచి పోయినవాళ్లకు ఎముకల బలహీనత, ముందే ముట్లుడగడం లాంటి కొత్త కష్టాలు రావచ్చు.

గుంత మగ్గంలో గంటలకొద్దీ వంగి కూర్చునేవాళ్లకు నడుము నొప్పి తోడుంటుంది. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొని రోజూ మింగే నొప్పి మాత్రలు కడుపులో పుండ్లు చేసి, కనపడకుండా రక్తం పోయేలా చేస్తాయి. మొలలు, నులిపురుగుల్లో కొంకి పురుగులు కూడా అంతే. ఈ పురుగుల కోసమే ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ మాత్ర ఇస్తున్నారు. మగవాళ్లకు, ముట్లుడిగిన ఆడవాళ్లకు ఇనుము తగ్గితే ఇంకా జాగ్రత్త కావాలి. వాళ్లకు నెలసరి లేదు కదా, మరి రక్తం ఎటు పోతోంది? అల్సర్ నుంచి పెద్దపేగు క్యాన్సర్ దాకా ఏదైనా కావచ్చు. వాళ్లకు టానిక్ సీసా రాసిచ్చి పంపేస్తే జబ్బును దాచిపెట్టినట్టే.

బడిలో, ఆసుపత్రిలో దొరికేవి

2018లో మొదలైన రక్తహీనత ముక్త భారత్ కార్యక్రమంలో రంగుల మాత్రలున్నాయి. అయిదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు గులాబీ రంగు మాత్ర, పది నుంచి పందొమ్మిదేళ్లవాళ్లకు నీలం మాత్ర, రెండూ వారానికి ఒకటే. ఆరు నెలలు దాటిన పసివాళ్లకు వారానికి రెండుసార్లు సిరప్. 2023 మార్చిలో రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల్లో వారానికి మూడు రోజులు బెల్లం కలిపిన రాగిజావ ఇవ్వడం మొదలైంది. ఆ ఖర్చులో ధర్మవరం ఉన్న జిల్లాకే చెందిన పుట్టపర్తి శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు పాలుపంచుకుంది. సంగటి తిని పెరిగిన తాతల సీమలో మనవలకు అది బడి గంట దగ్గర మళ్లీ దొరికింది.

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు ఉచితంగా చేస్తారు. ఆశా కార్యకర్త ఇచ్చిన చీటీ దాచుకోండి, ప్రతిసారీ వచ్చిన హిమోగ్లోబిన్ అంకెను, తేదీతో సహా ఒకే కాగితం మీద రాసి పెట్టుకోండి. మాత్రలు వరసగా వేసుకున్నాక నెలకు ఆ అంకె కనీసం ఒక పాయింటు పెరగాలి. పెరిగితే ఆపకుండా మింగండి. పెరగకపోతే ఇంకో కొత్త టానిక్ అడగకండి, "ఎందుకు పెరగలేదో చూడండి" అని డాక్టర్ని అడగండి.